నూలు మీద తడి గుడ్డ

ఎనిమిదేళ్లు దాటింది. ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. పండగకు పిండివంటలు చేస్తాను, కూరగాయల బండి దగ్గర బేరమాడి గెలుస్తాను, నలుగురిలో గట్టిగానే నవ్వుతాను. చూసేవాళ్లకు ఏ లోటూ కనిపించదు. కానీ ఎవరైనా అరచేయి చాపి నా ముందు పెడితే చాలు, నా చూపు పక్కకు పోతుంది. గోరింటాకు చూపించే ఆడపిల్లల చేతులు కూడా నేను సరిగ్గా చూడలేను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్లు పట్టేది కాదు. నా పేరు చెప్పను. ఆమె పేరు కూడా అసలుది చెప్పను, లావణ్య అనుకోండి.

మాది నేత కుటుంబం. నేను పుట్టింది కరీంనగర్ వైపు. పెళ్లయ్యాక సూరత్ వచ్చి లింబాయత్‌లో కాపురం పెట్టాను. మా ఆయనది మరమగ్గాల కార్ఖానాలో పని. మా మరిది మాత్రం మగ్గం జోలికి పోనన్నాడు. ఫోన్లో వీడియోలు చూసి చూసి పెన్నులు చేయడం నేర్చుకున్నాడు. రెండు సీసాల్లో వచ్చే రెజిన్‌ను కలిపి రబ్బరు అచ్చులో పోస్తే కాసేపటికి రాయిలా గట్టిపడి కడ్డీ అవుతుంది. ఆ కడ్డీని లేత్ మీద తిప్పి, గుండ్రంగా చెక్కి, నునుపు పట్టించి, పైన మెరుపు పూత వేస్తే పెన్ను తయారు. అలాంటి పెన్నులు చేసేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. మా మరిది తెలివంతా ఒక్కచోటే ఉంది. రెజిన్ పోసే ముందు అచ్చులో రంగురంగుల నూలు పోగులు పరిచేవాడు. కార్ఖానాల్లో తెగి మిగిలిన నూలుకు మాకేం కరువు? పెన్ను తయారయ్యాక చూస్తే గాజు లోపల చీర అంచు దాచినట్టు ఉండేది. పుట్టి పెరిగిన పని మీద మొదటిసారి నాకు గర్వమేసింది.

నూలు పని నాది. చిక్కు తీయడం, దువ్వడం, కొలతకు కత్తిరించడం. నూలు సంగతి నాకు ఎవరూ నేర్పక్కర్లేదు అనుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కంతా.

మా అమ్మ నేసే రోజుల్లో ఇంట్లో నూలును ఎప్పుడూ ఎండనిచ్చేది కాదు. ఎండిన పోగు తెగుతుంది, రేగుతుంది, గాలికి లేస్తుంది. మగ్గం కింద నేల మీద నీళ్లు చల్లేది. పొద్దుగూకే వేళ ఒక గుడ్డ తడిపి, గట్టిగా పిండి, చుట్టి కట్టిన నూలు చిలపల మీద కప్పేది. అన్నం గిన్నె మీద మూత పెట్టినంత మామూలు పని అది. నేనూ అదే చేశాను. పని అయిపోగానే ఆ పూట దువ్విన పోగుల మీద తడి గుడ్డ కప్పి ఇంట్లోకి వెళ్లేదాన్ని. మర్నాడు పోగులు చెప్పినట్టు వినేవి. చేతికి పొడిగానే తగిలేవి. ఎవరూ కప్పమనలేదు, ఎందుకు కప్పుతున్నావని ఎవరూ అడగలేదు.

మూడు గల్లీల అవతల అద్దెకుండేది లావణ్య. వాళ్లూ మావైపువాళ్లే, కానీ ఆమె పుట్టింది ఇక్కడే, చదివింది గుజరాతీ బడిలో. భర్త మగ్గం పని. కూతురు అప్పుడు రెండో తరగతి. ఇంట్లో ఊరికే ఉంటోంది కదా అని నేనే మరిదికి చెప్పి పనిలో పెట్టించాను. ఈ మాట మీకు గుర్తుండాలి. తెచ్చింది నేనే.

అచ్చులో నూలు పరిచే పని ఆమెకు ఇచ్చాం. నేను పరిస్తే అంచులా తిన్నగా ఉండేది, బాగానే ఉండేది. ఆమె పరిస్తే చూసినవాళ్లు ఇంకోసారి చూసేవారు. నీలం పోగులన్నీ వంపు తిప్పి మధ్యలో ఒకే ఒక్క పసుపు పోగు వదిలేది. అదెందుకో ఆమెకూ తెలియదు. కొన్నాళ్లకు దుకాణాలవాళ్లు ఆ వంపు డిజైనే కావాలనడం మొదలుపెట్టారు. ఏ రంగు నూలు తేవాలో మరిది ఆమెను అడిగేవాడు. అంతకుముందు నన్ను అడిగేవాడు. చిన్న విషయం. ఎంత చిన్నదో ఇప్పుడు కూడా చెప్పగలను, ఎందుకంటే నేను దాన్ని ఎన్నిసార్లు కొలుచుకున్నానో నాకే తెలుసు.

ఆమె అరచేతులకు చెమట ఎక్కువ. పుట్టినప్పటినుంచీ అంతే. చలికాలంలో కూడా చేతులు తడిగా ఉండేవి. ఎప్పుడూ నడుముకి ఒక రుమాలు దోపుకునేది. పని ముట్టుకునే ముందు తుడుచుకుని, పౌడర్ రాసుకుని, మళ్లీ తుడుచుకునేది. సిగ్గుపడేది. నేనే ఎన్నోసార్లు "పోనీ తీయ్" అన్నాను.

వానలు మొదలయ్యాయి. పెన్నులు చెడిపోవడం మొదలైంది. అచ్చులోంచి తీసిన కడ్డీ కోసి చూస్తే లోపల ఇడ్లీలా గుల్ల. కొన్ని బాగానే కనిపించేవి, మెరుపు పూత కూడా చక్కగా పడేది, కానీ కొన్ని రోజులకు నూలు పక్కనే తెల్లగా మబ్బు పట్టేది. కొన్నిటికి పూత పొరలా లేచేది. మరిదికి పిచ్చి పట్టినంత పనైంది. సీసాలు మార్చాడు. రెండు పాళ్లూ మళ్లీ మళ్లీ తూచాడు. రెజిన్‌ను ఎండలో పెడదామంటే ఎండే లేదు, బల్బు కింద పెట్టాడు. బుడగలు అణగడానికి అచ్చుల్ని గాలి ఒత్తిడి పెట్టే డబ్బాలో ఉంచేవాడు, దాన్ని మేం కుక్కర్ అనేవాళ్లం. దాని రబ్బరు మార్చాడు. చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు ఏరి తెచ్చి సీసాల పక్కన పెట్టాడు. ఎక్కడో తడి ఉంది వదినా, ఈ రకం రెజిన్‌కు నీటి చుక్కంటే పడదు అని నాతోనే అన్నాడు. నేను తల ఊపాను. తడి ఎక్కడుందా అని నేనూ వెతికాను. నిజంగానే వెతికాను. ఆ సాయంత్రం కూడా గుడ్డ తడిపి పిండి నూలు మీద కప్పాను. నా కళ్లకు అది తడిగా కనిపించలేదు. అది నూలును చూసుకోవడం, అంతే. నూలుకు మేలు చేసేది రెజిన్‌కు కీడు చేస్తుందని నా బుర్రకు తట్టలేదు.

అక్కడిదాకా నాది పాపం కాదు. తెలియక చేసిన తప్పు. అక్కడితో ఆగి ఉంటే ఈ రాత అవసరమే ఉండేది కాదు.

అహ్మదాబాద్ దుకాణం నుంచి ఒక పెట్టె మొత్తం తిరిగొచ్చింది. అన్నీ మబ్బు పట్టినవే. ఆ రోజు మా అత్తమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. లావణ్య అచ్చు పట్టుకుని ఉంటే ఆమె చేతుల వంక చూసి, ఇంకెక్కడ వెతుకుతారురా తడి, ఆ చేతుల్లో కారుతుంటే అంది. మా ఇళ్లలో ఒక మాట ఉంది. చెమట చేతులవాళ్లను పడుగు పోగులు అతకనివ్వరు, పట్టు మీద మరక పడుతుందని. దానికితోడు హస్తవాసి ఒకటి. ఒకరి చేయి మంచిదంటే ఆ చేత్తో ఏది మొదలుపెట్టినా కలిసొస్తుంది, కాదంటే ఇక అంతే. అత్తమ్మ ఒక్క మాటలో రెండూ కలిపేసింది. మరిది కూడా ఆమె చేతుల వంకే చూశాడు. లావణ్య రుమాలు తీసి చేతులు తుడుచుకుంది. తుడుస్తూనే ఉంది.

తర్వాత జరిగింది జాగ్రత్తగా చెప్పాలి. లావణ్య కూతురికి జ్వరం వచ్చి ఆమె కొన్నాళ్లు పనికి రాలేదు. అదే వారంలో నా పుట్టింటి తరఫు పెద్దాయన ఒకరు పోయారు. నాకు మూడు రోజుల మైల. మైలలో పనిముట్లు ముట్టుకోకూడదు, మా అత్తమ్మ ఆ విషయంలో కచ్చితం. నూలు గది వైపే వెళ్లలేదు. తడి గుడ్డ కప్పేవాళ్లు లేరు. నూలు ఫ్యాన్ కింద అలాగే పడి ఉంది, ఎముకలా ఎండింది. మరిది తనే నూలు పరిచి తనే రెజిన్ పోశాడు. కడ్డీలన్నీ అద్దంలా వచ్చాయి.

ఇల్లంతా సంబరపడింది. చూశావా, నేను చెప్పలేదూ అంది అత్తమ్మ. లావణ్య రాలేదు, పెన్నులు బాగున్నాయి, లెక్క తేలిపోయింది. ఆ మూడు రోజులు నేనూ లేనన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. నాకు మాత్రం వచ్చింది.

ఎప్పుడు వచ్చిందో కచ్చితంగా చెప్పలేను. మైల తీరి, తలస్నానం చేసి, నూలు గదిలోకి వెళ్లి, పొద్దుగూకే వేళ అలవాటుగా గుడ్డ తడిపి పిండుతున్నాను. చేతులు ఆగిపోయాయి. గుడ్డలోంచి నీళ్లు కారుతున్నాయి. నేను చూస్తున్నాను. అంతే, తెలిసిపోయింది. ఎండాకాలంలో తెల్లారేసరికి ఆరిపోయే ఆ తడి వానల్లో పోగుల్లోనే ఉండిపోతోంది.

అయినా నమ్మలేదు. నమ్మకూడదని ఉంది. మర్నాడు మరిది బజారుకు వెళ్లినప్పుడు రెండు చిన్న అచ్చుల్లో నేనే పోశాను. ఒకదాంట్లో ఎండు నూలు, ఒకదాంట్లో గుడ్డ కింద ఉంచిన నూలు. చేతులు రెండింటికీ నావే, పొడి చేతులు. ఎండు నూలుది తేటగా వచ్చింది. రెండోది పొంగి, గుల్లబారి, అచ్చు దాటి పైకి లేచింది. దాన్ని చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అప్పుడు ఇంకో సంగతి కూడా తట్టింది. చెమట చేతి మరక పైన పడుతుంది, పూత మీద మచ్చ చేస్తుంది. లోపల ఇంత గుల్ల చేయదు. చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. ఆ కడ్డీని కొంగులో చుట్టుకుని వెళ్లి ఖాడీలో, మా బస్తీ పక్కన పారే మురికి కాలువలో, పారేశాను.

అంటే లావణ్య తిరిగి రాకముందే నాకు తెలుసు. ఇది మీరు బాగా గమనించాలి. ఎవరైనా నన్ను వెనకేసుకొస్తే ఇక్కడే ఆపండి. తెలుసు.

ఆమె వచ్చింది. కూతురు తేరుకుందని నవ్వుతూ వచ్చింది. అత్తమ్మ ఏమందో, ఎవరు చెప్పారో, గుమ్మంలోనే ఆ నవ్వు పోయింది. మరిది ముఖం తిప్పుకుని లేత్ దగ్గరకు వెళ్లాడు. ఆమె నూలు గదిలోకి నా దగ్గరకు వచ్చింది. తలుపు పక్కన నిలబడి రెండు అరచేతులూ నా ముందు చాపింది. తడిగా మెరుస్తున్నాయి.

"అక్కా, జర నిజం చెప్పు. నా చేతులతోనేనా గిట్లయితుంది?"

నన్నే అడిగింది. ఎందుకంటే నేను ఆమె పక్షం అనుకుంది. నేను చెబితే నమ్ముతానని వచ్చింది. నిజం నా నోట్లోనే ఉంది, నాలుక కదిపితే చాలు.

"నువ్వు రాని దినాలు మాల్ మంచిగొచ్చింది లావణ్యా. నేనేం చెప్పాలె? నీ చేతులే."

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"గట్లయితే నేను ముట్టనక్కా. మీ ధంధా ఖరాబ్ కావొద్దు."

కోప్పడలేదు. తిట్టలేదు. మా పని చెడకూడదని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే నేను ఇంత మోసేదాన్ని కాదేమో.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్ని రకాలుగా అడిగానో. భయమా? నేత ఇంటి కోడలికి నూలు చూసుకోవడం రాదని అత్తమ్మ జీవితాంతం దెప్పుతుంది, తిరిగొచ్చిన ప్రతి పెన్నూ నా మెడకు చుట్టుకుంటుంది. అవును, భయం ఉంది. కానీ భయమే అయితే చెప్పకుండా ఊరుకోవచ్చు. తెలియదు అనొచ్చు. వానాకాలం అలాగే ఉంటుంది అనొచ్చు. నేను అలా అనలేదు. నీ చేతులే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు లోపల ఎక్కడో ఒక చల్లని సంతోషం కదిలింది, ఇకమీదట రంగులు నన్నే అడుగుతారు అని. ఇది రాయడానికి ఇంత దూరం రావాల్సి వచ్చింది. భయం సగం, ఓర్వలేనితనం సగం. తడిగుడ్డతో గొంతు కోసే మనుషులని ఎవరెవరినో అంటాం. నేను నిజంగానే ఆ పని చేశాను.

ఆ రోజు నుంచి నూలు మీద గుడ్డ కప్పడం మానేశాను. ఎందుకు మానేశానో ఎవరూ అడగలేదు. పెన్నులు బాగా వచ్చాయి. మరిది పేరు పెరిగింది, చిన్న దుకాణం కూడా అయింది. ఆమె వంపు డిజైను మేమే పరుస్తున్నాం, ఆ ఒక్క పసుపు పోగుతో సహా. బాగా వచ్చిన ప్రతి పెన్నూ ఆమె చేతుల మీద ఇంకో సాక్ష్యం అయింది. అత్తమ్మ పోయేదాకా ఆ కథ చుట్టాలందరికీ చెప్పింది. నేను పక్కనే కూర్చుని చాయ్ పోశాను.

లావణ్యవాళ్లు తర్వాత జోల్వాకు మారిపోయారు. భర్తకు అక్కడి కార్ఖానాలో పని దొరికింది. ఒకసారి అమ్రోలిలో మావాళ్ల పెళ్లిలో కలిసింది. పెళ్లికూతురికి పసుపు రాస్తుంటే ముత్తయిదువలందరినీ పిలుస్తున్నారు. ఆమెనూ పిలిచారు. తలనొప్పి అని చెప్పి, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని గోడ పక్కన నిలబడింది. నన్ను చూసి నవ్వింది. ఆమెకు తలనొప్పి లేదని ఆ పందిట్లో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. వెళ్లి చెప్పొచ్చు. రెండు అడుగులు వేశాను కూడా. ఎవరో అన్నానికి పిలిచారు, పోయాను. పిలవకపోయినా చెప్పేదాన్ని కాదు.

ఈ వారం ఆమె కూతురు నాకు ఫోన్ చేసింది. పదో తరగతి అయిపోయింది ఆ పిల్లకు. వాళ్ల దగ్గర్లో చీరల మీద చేతి జరీ పని నేర్పే క్లాసు పెట్టారట. సోమవారంలోగా పేరు ఇవ్వాలట. తల్లి వద్దంటోందట. మన చేతులు ఇలాంటి పనులకు మంచివి కావు, నువ్వు ముట్టుకుంటే వాళ్ల చీరలు చెడిపోతాయి, నేను ఒకరి పని అలాగే చెడగొట్టాను అని ఏడ్చిందట. ఆ పిల్ల నన్ను అడిగింది.

"పెద్దమ్మా, మమ్మీ చేతులతో మీ పెన్నులు నిజంగనే ఖరాబ్ అయినయా? నావి గూడ గట్లనే ఉన్నయ్."

తల్లి అడిగిన మాటే. నేను సరిగ్గా వినపడటం లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను. బాగా వినపడింది.

అప్పుడు ఇది రాయడానికి కూర్చున్నాను. చాలాసేపు నన్ను నేను మెచ్చుకున్నాను, ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నానని. సగం రాశాక గుర్తొచ్చింది. లావణ్యకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను పూర్తిగా తెలుగులో, పేరు మార్చి, నా పేరు దాచి రాస్తున్నాను. లోకంలో ఎవరు చదివినా ఆమె మాత్రం చదవలేదు. చూశారా నా తెలివి? ఒప్పుకోవడంలో కూడా తప్పించుకునే దారి చూసుకున్నాను. దొంగకు ఎక్కడికెళ్లినా దొడ్డిదారే కనిపిస్తుంది.

పెన్ను కింద పెట్టాను. ఫోన్ తీసుకుని ఆమెకు మాట రికార్డు చేసి పంపాను. ఫోన్ చేస్తే ఆమె మాట్లాడుతుంది, ఆమె గొంతు వింటే నేను మళ్లీ ఏదో ఒకటి అల్లుతాను, అది నాకు తెలుసు. ఏం పంపానో, ఆమె పేరు తప్ప, ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"లావణ్యా, నేను. నీ చేతులది తప్పు లేకుండె. నూలు మీద రోజూ తడి గుడ్డ నేను కప్పిన. గా తడితోనే ఖరాబైనయ్. నువ్వు వచ్చి అడిగినప్పుడు నాకు ఎరుకే. ఎరుకై గూడ నీ చేతులే అన్న. బిడ్డను క్లాసుకు పంపు."

నన్ను క్షమించు అని ఒక మాట చేర్చబోయి ఆగాను. అది అడగడం కూడా ఆమె మీద ఇంకో బరువు పెట్టడమే అనిపించింది. ఇంట్లో మరిదికి, మా ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబుతానని రాయొచ్చు. రాస్తే మీరు నమ్ముతారేమో కానీ నేను నమ్మను.

కాసేపటికి ఆ సందేశం పక్కన మైకు గుర్తు నీలంగా మారింది. అంటే విన్నది. ఏమీ రాయలేదు, ఫోన్ చేయలేదు. పొద్దు గుంకింది. ఇంకా ఏమీ లేదు. ఆమె ఏడుస్తోందో, తిడుతోందో, కూతురికి వినిపిస్తోందో, ఎవరికీ వినిపించకుండా చెరిపేసిందో నాకు తెలియదు. ఇన్నేళ్లు చేతులు దాచుకున్న మనిషికి ఒక్క మాటతో అవి తిరిగొస్తాయా? రావు. పెళ్లి పందిట్లో గోడ పక్కన నిలబడ్డ ఆ పూట తిరిగొస్తుందా?

నాకు మాత్రం తేలికైంది. చాలా రోజుల తర్వాత గొంతులో ఏమీ అడ్డం లేకుండా అన్నం దిగింది, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. తిని చేయి కడుక్కుంటున్నప్పుడు గుర్తొచ్చింది, ఆ పిల్ల సోమవారం క్లాసుకు వెళ్తుందో లేదో నాకింకా తెలియదని. అది తెలియకముందే నాకు తేలికైంది. దాన్ని కూడా ఒప్పుకుంటున్నాను.